కట్టుచున్న ఆటలు – కొన్నవారి ఆశలు

1998లో మాదాపురమున సైబర్ టవర్స్ వెలసిన పిదప హైదరాబాదు నగరము పడమటి దిక్కునకు పరుగిడ నారంభించెను. ఆ పరుగులో నగరము తనలో కలుపుకొనిన పేటలలో నిజాంపేట యొకటి. ఇచ్చట నివసించువారిలో పెక్కుమంది ఇంకను కట్టని ఇండ్లను కొన్నవారే. పునాది పడకమునుపే రంగుల కరపత్రములోని బొమ్మను చూచి బయానా ఇచ్చుట, స్తంభములు లేచినప్పుడొక వాయిదా, స్లాబు పడినప్పుడొక వాయిదా చెల్లించుట, ఆదివారము సాయంకాలమున పిల్లలను వెంటబెట్టుకొని పోయి 'అదుగో, నాలుగవ అంతస్తు, తూర్పు మూలది మనది' అని గాలిలోనికి వ్రేలు చూపుట – ఇవి యిచ్చటి సంసారులకు బాగుగా తెలిసిన విషయములు. 'ప్రీ లాంచ్' అను మాట ఇంటింటను వినబడును. ఆ మాట నమ్మి నష్టపోయినవారి కథలును వినబడును.

ఆ యింటనే ఇంజనీరింగు చదువుచున్న కుమారుడు కొనుచున్న వస్తువు వేరు. అది యొక కంప్యూటరు ఆట. తండ్రి కొన్న ఇంటివలెనే దానికిని పునాదియు నాలుగు గోడలును మాత్రమే లేచినవి. పైకప్పు లేదు. ఐనను వాడు ఫోను తీసి సొమ్ము చెల్లించును, లోపలికి పోయి తిరుగును, గోడ కూలిన చోట నవ్వుకొనును, కొన్నాళ్ళకు విసుగుకొనును. ఇంకను కొన్నాళ్ళకు కట్టువానిని తిట్టుట కారంభించును. ఈ మూడు దశలను దాటని ఆటగాడు అరుదు. తండ్రికి ఇది వింతగా తోచును గాని, ఆయన హైటెక్ సిటీలో చేయు ఉద్యోగము సాఫ్టువేరు సంబంధమైనదే యైనచో వింతపడవలసిన పనిలేదు. చెప్పిన తేదీకి చెప్పినట్లు పూర్తియైన సాఫ్టువేరును ఆయన తన జీవితకాలమున ఎన్నిమారులు చూచియుండునో ఆయనకే తెలియును.

ఆటల నిర్మాణమున రెండు దశలను గ్రీకు అక్షరములతో పిలుతురు. మొదటిది ఆల్ఫా. ఈ దశలో ఆటయొక్క ప్రధానాంగములు కొన్ని మాత్రమే యుండును, ఉన్నవియు మారిపోవచ్చును, ఆటగాడు పదిదినములు శ్రమపడి సాధించి దాచుకొన్నది రాత్రికి రాత్రి మాసిపోవచ్చును. రెండవది బీటా. ఇందు అంగములన్నియు ఉండును. లోపములను సవరించుట మాత్రము మిగిలియుండును. పూర్వము ఈ రెండు దశలును నిర్మాతల గదులలోనే గడచెడివి. ఆల్ఫా దశయందే ఆటను అమ్మి, ఆ సొమ్ముతోను, కొన్నవారి సలహాలతోను మిగిలినదానిని పూర్తిచేయుట ఈ శతాబ్దపు పద్ధతి. దీనికి 'ఎర్లీ యాక్సెస్' అని పేరు. తెలుగున ముందస్తు ప్రవేశమని చెప్పుకొనవచ్చును. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ నడుపు స్టీమ్ అను ఆటల అంగడి 2013 మార్చిలో ఈ పేరుతో ఒక విభాగమును తెరచిన నాటినుండి పద్ధతి లోకమంతట వ్యాపించెను.

ఇచ్చట ఒక మాట చెప్పుట అవసరము. పిల్లవాడు ఆటకు డబ్బు చెల్లించెనన్నంతనే పెద్దలు జూదమని బెదరిపోవుట కలదు. పందెము కాసి డబ్బు గెలుచు ఆటలు వేరు. వానిని 2025 ఆగస్టులో భారత పార్లమెంటు చట్టముచే నిషేధించినది. ఇవి పుస్తకమును కొన్నట్లు కొని ఆడుకొను ఆటలు. వీనిలో పోగొట్టుకొనునది పందెము కాదు, నమ్మకము.

ఇల్లు కొన్న తండ్రికి 2016 నాటి స్థిరాస్తి చట్టము కొంత అండగా నున్నది. ఒక పరిమితిని మించిన నిర్మాణమును ప్రభుత్వ సంస్థయొద్ద నమోదు చేయింపక ప్రకటించుటకు గాని అమ్ముటకు గాని వీలులేదు. కొన్నవారి సొమ్ములో నూటికి 70 వంతులు ఆ నిర్మాణమునకే వినియోగించుటకై ప్రత్యేకపు ఖాతాలో ఉంచవలెను. ఆట కొన్న కుమారునికి అట్టి ప్రత్యేక చట్టమేదియు లేదు. అంగడివారి నిబంధనలే దిక్కు. స్టీమ్‌వారు కొనుగోలుదారులకు దాపరికము లేకుండ చెప్పుదురు: ఈ ఆటలలో కొన్ని ఎన్నటికిని పూర్తికాకపోవచ్చును, ఇప్పుడున్న స్థితిలో ఆడుట మీకు ఇష్టమైననే కొనుడు. నిర్మాతలకును చెప్పుదురు: భవిష్యత్తును గూర్చి ఖండితమైన వాగ్దానములు చేయకుడు, అమ్మకములు లేనిచో పూర్తిచేయలేని వారు ఈ దారికి రాకుడు. 2015 జూను నుండి, కొన్న 14 దినములలో, రెండు గంటలకు మించి ఆడనిచో సొమ్ము తిరిగి ఇచ్చు ఏర్పాటును చేసిరి. మంచిదే. కాని రెండు గంటలలో తెలియునది నేటి ఆట. ఎదురుచూచునది రేపటి ఆట.

తెలుగువారికి ఇట్టి నిరీక్షణ క్రొత్త గాదు. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు 1906లో ఈ హైదరాబాదునందే విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులు. వారే పిమ్మట ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టిరి. మూడు సంపుటములు వెలువడెను. మూడు వెలువడినను అకారము తరుగలేదు. 1923లో పంతులుగారు కీర్తిశేషులైరి. తక్కిన అక్షరముల విజ్ఞానమంతయు కొన్నవారి ఆశయందే నిలిచిపోయెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరల చేపట్టిరి. 1938లో ఆయనయు కన్నుమూయుటతో ఆ పూనికయు సాగలేదు. ఐనను లక్ష్మణరావుగారిని మోసగాడని అనినవాడు లేడు. ఏలయన, చేతికి వచ్చిన సంపుటము వచ్చినంతమేరకు సంపూర్ణము. అకారాది విషయములను తెలిసికొనగోరువానికి అది నేటికిని పనికివచ్చును. అసమగ్రమగుటకును, పనికిరాకపోవుటకును భేదము కలదు. ఆల్ఫా దశలోని ఆటను కొన్నవాని సంతోషముగాని కోపముగాని ఈ భేదముపై ఆధారపడియుండును.

దీనిని చూపుటకు ఒకే పేరుగల రెండు ఆటల చరిత్ర చాలును. శ్రీహరికోట తెలుగునేలపై నున్నది. 2022 నవంబరులో విక్రమ్-ఎస్ రాకెట్టును అచ్చటినుండి ఎగురవేసిన స్కైరూట్ సంస్థ హైదరాబాదుది. కావున రాకెట్లను గూర్చిన ఆట మన విద్యార్థులకు రుచించుటలో ఆశ్చర్యము లేదు. ఆ ఆట పేరు 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్'. దీనిని రూపొందించిన ఫెలిపే ఫలాంగే చిన్నతనమున తగరపు కాగితముతో చిన్న బొమ్మలను చేసి, వానికి కెర్బలులని పేరుపెట్టి, తారాజువ్వలకు కట్టి ఎగురవేసెడివాడు. దీపావళినాడు ఇట్టి పని చేయని పిల్లవాడు మన వీధులలోను ఉండడు. కాని ఆ బొమ్మల పేరు మరచిపోనివాడు ఫలాంగే. పెద్దవాడై మెక్సికో నగరమున ప్రకటనల వ్యాపారముచేయు స్క్వాడ్ అను సంస్థలో ఉద్యోగియై యుండగా, ఆటను చేయుటకై ఉద్యోగము విడువనెంచెను. యజమానులు వానిని విడువక, 'ఆ ఆటను ఇచ్చటనే చేయుము' అనిరి.

2011 జూనులో మొదటి ప్రతి వెలుపలికి వచ్చెను, ఉచితముగా. అందేమున్నది? ఒక గ్రహము, కొన్ని రాకెట్టు భాగములు. చేరుకొనుటకు చందమామ కూడ లేడు. ఆటగాడు రాకెట్టును కూర్చి పైకి పంపును, అది ప్రేలిపోవును, మరల కూర్చును. ఐనను అది ఆనందకరముగా నుండెను. రాకెట్టు ఎందుకు కూలినదో తెలిసికొనుటయే ఆటకు ప్రాణము గనుక, ఆ ప్రాణము మొదటి దినముననే ఉండెను. కొన్ని నెలలకు చందమామ వచ్చెను. అది పండుగ. పిమ్మట వేరు గ్రహములు వచ్చెను. అదియు పండుగయే. ఎవ్వరును మునుముందుగా అడిగియుండలేదు గనుక ప్రతి క్రొత్త అంగమును కానుకగా తోచెను. ధర మాత్రము ఆట పెరిగినకొలది పెరిగెను. కక్ష్య, వేగము, ఇంధనము అను మాటలు పాఠ్యపుస్తకమున చదివి మరచిన విద్యార్థులు ఆటలో నేర్చి మరువకుండిరి. బోధకులు ఈ సంగతిని గమనింపవచ్చును.

2013లో ఒక చిక్కు వచ్చెను. ఆటకు ముందుముందు అనుబంధములను వేరుగా అమ్ముదుమేమో అని సంస్థవారిలో ఒకరు మాటవరుసకు పలికిరి. తొలినాళ్ళలో కొన్నవారు వెంటనే లేచి, 'ఇకపై వచ్చు మార్పులన్నియు ఉచితమని చెప్పి మాకు అమ్మితిరి గదా' అని నిలదీసిరి. మార్పు అనగానేమి, అనుబంధ మనగానేమి అని వాదము సాగెను. న్యాయవాదియైనచో ఈ రెండు పదముల నడుమ మంచి గోడ కట్టగలడు. స్క్వాడ్‌వారు ఆ గోడ కట్టలేదు. 2013 ఏప్రిల్ ముగియులోపల కొన్నవారందరికిని అనుబంధములు సైతము ఉచితముగా ఇత్తుమని ప్రకటించిరి. ఆట 2015 ఏప్రిల్ 27న సంపూర్ణరూపమున వెలువడెను. మొదటి అనుబంధము 'మేకింగ్ హిస్టరీ' 2018 మార్చిలో గాని రాలేదు. అప్పటికి ఫలాంగే ఆ సంస్థను విడిచియుండెను; ఆట హక్కులు టేక్-టూ అను పెద్ద సంస్థకు అమ్ముడుపోయియుండెను. ఐనను ఐదేండ్ల నాటి మాట చెల్లెను. నాడు కొన్నవారు పైసా చెల్లింపకయే అనుబంధమును పొందిరి.

ఇక రెండవ ఆట. 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2' వచ్చునని 2019 ఆగస్టులో గొప్ప చలనచిత్రముతో ప్రకటించిరి. అందు ఇతర గ్రహములపై వలసనగరములు, నక్షత్రాంతర యాత్రలు, పలువురు కలసి ఆడుట – సమస్తమును వర్ణింపబడెను. తేదీ పలుమారులు వెనుకకు జరిగెను. కడకు 2023 ఫిబ్రవరి 24న ముందస్తు ప్రవేశమున అమ్మకమునకు పెట్టిరి, 50 డాలర్ల ధరకు. మొదటి ఆట పూర్తియైన పిదప దాని ధర 40 డాలర్లే. కొన్నవారు లోపలికి పోయి చూడగా వలసలు లేవు, నక్షత్రయానము లేదు, మొదటి ఆటలో నున్న విజ్ఞానపరిశోధన భాగము సైతము లేదు. మంచి కంప్యూటర్లపై కూడ ఆట తడబడి నడచెను. లేనివన్నియు వరుసగా వచ్చునని ఒక బాటపటమును మాత్రము చూపిరి. విజ్ఞానభాగము డిసెంబరులో వచ్చెను. 2024లో నిర్మించుచున్న స్టూడియో మూతపడెను. వలసలు రాలేదు.

2011లో ఒక్క గ్రహముతో తృప్తిపడినవారే 2023లో అంతకంటె ఎంతో పెద్ద ఆటను చూచి ఏల మండిపడిరి? ఆటగాండ్రకు ఆశ ఎక్కువైనదని, ఓపిక నశించినదని నిర్మాతలు కొందరు నిట్టూర్తురు. అది సగము నిజము కూడ కాదు. ఆశ ఆటగానియొద్ద పుట్టలేదు, ప్రకటనయొద్ద పుట్టెను. మొదటి ఆటకు పటము లేదు గనుక లేని చందమామ లోటుగా కనబడలేదు. రెండవ ఆటకు పటము ముందు వచ్చి, ఆట వెనుక వచ్చెను. పటముపై గీచిన ప్రతి గ్రహమును అప్పుగా మారెను. ఆల్ఫా అను చీటీ అంటించినంత మాత్రమున ఆ అప్పు మాఫీ కాదు. నిండు ఆటకు తగిన ధర తీసికొన్నప్పుడు ఆ చీటీని చదువువాడును ఉండడు.

నిండు ధర తీసికొనుట యెల్లప్పుడును తప్పని గాదు. బెల్జియమునకు చెందిన లేరియన్ స్టూడియోవారు 'బాల్డర్స్ గేట్ 3' ఆటను 2020 అక్టోబరులో నిండు ధరకే ముందస్తుగా అమ్మిరి. కథలోని మొదటి అంకమును మాత్రము ఇచ్చిరి. తక్కినదానిని 2023 ఆగస్టు వరకు దాచియుంచిరి. ఇచ్చిన అంకము మాత్రము ఆడదగినదిగా నుండెను. లక్ష్మణరావుగారి సంపుటము వంటిదే. స్వీడనునకు చెందిన మార్కస్ పెర్సన్ మరియొక దారి పట్టెను. ఆయన 'మైన్‌క్రాఫ్ట్' ఆటను 2010లో ఆల్ఫా దశలో పది యూరోలకు కొంచెము తక్కువగా అమ్మి, ఆ దశలో కొన్నవారికి ముందు వచ్చు రూపములన్నియు ఉచితమనెను. ఆ డిసెంబరు 20న బీటా రాగానే ధరను సుమారు 15 యూరోలు చేసి, ఆ వాగ్దానమును ఇకపై కొనువారికి లేదనెను. అసమగ్రతకు తగ్గింపు, తొలినాటి నమ్మకమునకు బహుమానము – లెక్క తేటగా నుండెను.

అన్ని కథలును ఇట్లు నడువవు. 'డే జెడ్' అను ఆటను 2013 డిసెంబరులో అమ్మకమునకు పెట్టినప్పుడు దాని కర్త డీన్ హాల్, లోపముల మయమైన ఈ ఆటను తొందరపడి కొనవద్దని తానే హెచ్చరించెను. నెల తిరుగునప్పటికి పదిలక్షల ప్రతులు చెల్లిపోయెను. హెచ్చరికను విని మానుకొన్నవారి సంఖ్య లెక్కకు రాదు గదా! హాల్ 2014లోనే ఆ పని నుండి తప్పుకొనెను. ఆట పూర్తియైనదని చెప్పుటకు 2018 డిసెంబరు రావలసి వచ్చెను. ఐదేండ్లనగా పదవతరగతిలో కొన్న బాలుడు ఇంజనీరింగు మూడవ సంవత్సరమున నుండును.

'స్పేస్‌బేస్ డీఎఫ్-9' కథ ఇంకను చిన్నది, ఇంకను విచారకరమైనది. పేరున్న డబుల్ ఫైన్ సంస్థ దానిని 2013 అక్టోబరులో ముందస్తుగా అమ్మెను. అమ్మకములు ఖర్చులకు చాలకపోయెను. మరుసటి యేడే అనుకొన్నవానిలో పెక్కింటిని వదలివేసి, ఇదియే సంపూర్ణరూపమని ముగించెను. కొన్నవారి కోపము సహజమే. కాని ఆ సంస్థ ఒక మంచి పని చేసెను: ఆటను నడుపు లువా భాషలోని రచనను వెలుపల పెట్టెను. అభిమానులు కొందరు దానిని చేపట్టి సవరణలు గావించిరి. నన్నయ అరణ్యపర్వము నడుమ నిలిపిన భారతమును తిక్కన విరాటపర్వము మొదలుకొని నడిపెను; నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించెను. తాళపత్రములు చేతికి దొరకుటచేతనే గదా అది సాధ్యమయ్యెను? మూతపడిన స్టూడియోల ఆటలలో పెక్కింటికి ఎఱ్ఱన రాలేడు. వచ్చినను ఆయనకు గ్రంథము చూపువాడు లేడు. అది సంస్థ పెట్టెలో తాళమువేయబడి యుండును. ముందస్తుగా అమ్ము ప్రతివాడును, పని విరమింపవలసి వచ్చినచో ఆ పెట్టె తాళపుచెవి ఎవరికిచ్చునో మొదటనే చెప్పుట ఉచితము. ఇట్లు చెప్పువారు బహుస్వల్పము.

ఆటగాని పక్షమునను కొంత కొరత లేకపోలేదు. ముందస్తుగా కొన్నవాడు తాను గ్రాహకుడను మాత్రమే గాక సహనిర్మాతననియు తలచును. ఆ తలంపు పూర్తిగా తప్పు గాదు. లోపములను కనిపెట్టి చెప్పుటకే వానిని లోపలికి పిలిచిరి. కాని చెప్పుట యెట్లు? 'ఈ ఆట దండుగ' అని వ్రాసినవాడు తన కోపమును చెప్పెనే గాని లోపమును చెప్పలేదు. 'రాకెట్టు రెండవ అంచె విడివడునప్పుడు కాలవేగమును నాలుగింతలు చేసినచో ఇంధనపు తొట్టి మాయమగుచున్నది. మూడుమారులు చేసి చూచితిని, మూడుమారులును అట్లే జరిగినది' అని వ్రాసినవాడు నిర్మాతకు ఒక దినపు పని తగ్గించును. ఏమి చేసితిమి, ఏమి జరుగవలసినది, ఏమి జరిగినది – ఈ మూడింటిని వరుసగా వ్రాయుట ప్రయోగశాల పుస్తకమున నేర్పు విద్యయే. సెలవుచీటీని, వినతిపత్రమును వ్రాయించు ఉపాధ్యాయులు ఇట్టి లోపపత్రమును కూడ అప్పుడప్పుడు వ్రాయించినచో విద్యార్థులు తెలుగునందును ఇంగ్లీషునందును బాగుపడుదురు. నిర్మాతలను పేరుపెట్టి దూషించుట, బెదరించుట నేటి ఆటల లోకమున విరివిగా కనబడుచున్నది. కొన్నది ఆటయొక్క ప్రతిని గాని మనిషిని కాదని వారికి ఎవ్వరును చెప్పినట్లు లేదు.

నిజాంపేట, ప్రగతినగరము ప్రాంతముల విద్యార్థులకు ఈ సంగతి రెండువిధముల వర్తించును. వారు ఆటలను కొనువారు. రేపు కొందరు ఆటలను కట్టువారు. తెలంగాణ ప్రభుత్వము 2016లో చలనచిత్రకల్పనలు, ఆటలు మొదలగువాని ప్రోత్సాహమునకై ప్రత్యేక విధానమును ప్రకటించెను. 2017లో హైదరాబాదునకు చెందిన ఆగర్ హెడ్ స్టూడియో అను చిన్న బృందము మన పురాణముల ఛాయతో 'అసుర' అను ఆటను లోకమున కందించెను. భారత క్రీడానిర్మాతల మహాసభ 2022, 2023, 2024 సంవత్సరముల నవంబరులలో నిజాంపేటకు కొలది మైళ్ళ దూరమున, మాదాపురపు అంతర్జాతీయ సమావేశ మందిరముననే జరిగెను. పెద్ద సంస్థలకు మదుపు పెట్టువారుందురు. నలుగురు మిత్రులు ఒక అద్దెగదిలో కూర్చుండి చేయు ఆటకు ముందస్తు కొనుగోలుదారుడే మదుపరి. వాని సొమ్ముతో ఆరునెలల అద్దె గడచును. ఇది వారికి గొప్ప అవకాశము, అంతకంటె గొప్ప ప్రలోభము. అద్దె కట్టవలసిన నెలలో బాటపటముపై ఇంకొక గ్రహమును గీయవలెనని చేయి లాగును. గీచినచో పది ప్రతులు ఎక్కువగా అమ్ముడుపోవును. దానిని కట్టవలసిన నెల వేరు.

సొమ్ము పుచ్చుకొనకమునుపే ఆటను పరీక్షకు పెట్టు పద్ధతియు ఒకటి కలదు. ఇట్టి సభలలో చిన్న నిర్మాతలు ఒక మేజపై కంప్యూటరు నుంచి, దారినిపోవువారిని పిలిచి సగము పూర్తియైన ఆటను ఆడింతురు. అనుభవజ్ఞుడైన నిర్మాత ఆ సమయమున నోరు మెదపడు. 'ఇచ్చట ముందుముందు వంతెన వచ్చును' అని చెప్పడు. ఆటగాని వెనుక నిలిచి, ఏ తలుపువద్ద వాని చేయి ఆగినదో, ఏ మెట్టునుండి మూడుమారులు పడినదో, ఎన్నవ నిమిషమున లేచిపోయినదో చిన్న పుస్తకమున వ్రాసికొనుచుండును.